ఐసు ఆపలేనిది

నాన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. అమ్మ పొద్దున్నే చర్చికి వెళ్ళింది. నేను వట్లూరు కాలేజీకి వచ్చాను. ఇక్కడ ల్యాబులో పిల్లలకు ప్రయోగాలు చేసి చూపించే ఉద్యోగం వచ్చిందని నీకు తెలియదు కదా.

మూడు రోజులు ఐసులో ఉన్న శీలావతి చేప కాలేయాన్ని ఇవాళ నలిపి, రెండు గాజు గొట్టాల్లో వేసి, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోశాం. గోరువెచ్చని నీళ్ళలో పెట్టిన గొట్టం వెంటనే నురగతో పొంగింది. ఐసులో పెట్టినది కూడా, నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు, నెమ్మదిగా బుడగలు వదిలింది.

"చచ్చిపోయింది కదండీ మేడం, ఇంకా డ్యూటీ దిగలేదేంటండీ?" అని ఒకమ్మాయి నవ్వింది.

"ప్రాణం పోయినా ఎంజైములు వెంటనే పోవు. చలి వాటి వేగాన్ని తగ్గిస్తుందంతే, ఆపదు" అన్నాను.

నువ్వు పోయినప్పుడు, నా పరీక్ష అయ్యి నేను వచ్చేదాకా నిన్ను సమాధి చెయ్యకుండా ఉంచాలని, కైకలూరులో నీతో చేపలు ప్యాక్ చేసినవాళ్ళే ఐసు నలగ్గొట్టి, లారీ లోడుకి పేర్చినట్టే నీ చుట్టూ పేర్చారు. నేను వచ్చి నీ చెంపమీద చెయ్యి వేశాను.

"తియ్యమ్మా, వేడి తగిలితే పాడైపోద్ది" అన్నాడు ఐసు పేరుస్తున్న ప్రసాదు బాబాయి. చేపని అన్నట్టు అన్నాడని కోపమొచ్చి, ఇంకా గట్టిగా అదిమాను. కాసేపటికి అరచేతి కింద చర్మం మెత్తబడింది. నువ్వు పలుకుతున్నావనుకున్నాను.

ఆ చెయ్యంత మేర నీలో ఎంజైముల పని నిజంగానే మళ్ళీ వేగం అందుకుంది నాన్నా. అది నిన్ను తొందరగా కరిగించే పనని అప్పుడే తెలిసినా, నేను చెయ్యి తీసేదాన్ని కాదేమో.