చెప్పులు ఆగిన చోట

తమ్ముడూ,

నువ్వు తీసిన దయ్యం సినిమా ఇంటిల్లిపాదీ చూశాం. దయ్యం జుట్టు విరబోసుకుని రాగానే మీ బావగారు కుర్చీలో ఎగిరిపడ్డారు. ఖాళీ ఉయ్యాల ఊగితే నా కూతురు కళ్లు మూసుకుంది. మా అత్తగారు మాత్రం, "ముందు ఆ పిల్లకి ఎవరైనా తల దువ్వండర్రా!" అని ఒకటే నవ్వు.

నా గుండె జారింది దయ్యమే లేని చోట. వరండాలో ఎవరో చెప్పులీడ్చుకుంటూ వచ్చి, తలుపు దగ్గర ఆగి, బెల్టు విప్పుతారే, అక్కడ. హాల్లో అందరూ పాప్‌కార్న్ నములుతూనే ఉన్నారు. నా చెయ్యి మాత్రం పక్కన నీకోసం తడుముకుంది.

నాన్న వచ్చే వేళకి నీ చెవుల మీద దిండు అదిమిపెట్టేదాన్ని కదరా. నీకేమీ వినపడలేదనే ఇన్నేళ్లూ నిశ్చింతగా ఉన్నాను. మరి ఆ చప్పుడు అంత సరిగ్గా ఎలా పట్టావు?

అక్క