మంచం మరల సందుల్లో

అత్తయ్యగారికి మీ పెద్దకోడలు నమస్కరించి రాసేది. ఇక్కడ అందరం కులాసా, నల్లులు తప్ప. వాటికి రోజులు దగ్గరపడ్డాయి.

మీ మనవడి దద్దుర్లు మానిపోయాయి. మీ అబ్బాయి మాత్రం దిండు నాలుగువైపులా తిప్పి చూసుకుంటేగాని తల ఆనించడం లేదు. మందు కొట్టే ఆయన రెండోసారీ వచ్చి వెళ్లాడు. మొదటి మందుకు గుడ్లు చావవట, పదిహేను రోజులాగి మళ్లీ కొట్టాలట. గోడ పగుళ్లు పూడ్పించాం. దుప్పట్లన్నీ వేడినీళ్లలో నానబెట్టి ఉతికాను.

చీరలు ఇంకా ఎన్నిసార్లు ఉడకబెట్టాలని మీ ఉత్తరంలో అడిగారు. ఇక చాలు అత్తయ్యా. మూడుసార్లు ఉడికించి ఎండలో వేశాక నల్లి మాట అటుంచి, చీరకు రంగే మిగలదు. ఆ కింద రాసింది చదివాక మాత్రం నాకు ముద్ద దిగలేదు. వదినగారింట్లో మీరు వసారాలో పడుకుంటున్నారట. పుట్టి నెల తిరగని పాపను దూరంనుంచే చూస్తున్నారట.

ఇక దాచలేను. ఆ నల్లులు మీ పరుపుచుట్టలో రాలేదు. మీ అబ్బాయి వద్దన్నా పంతంపట్టి నేను కొన్న పాత మంచంలో వచ్చాయి. మీరు రావడానికి నెల ముందే, మరలు బిగిస్తుంటే సందుల్లో నల్లచుక్కలు కనిపించాయి. అవేమిటో నాకు తెలుసు. తడిగుడ్డతో తుడిచేసి నోరు మూసుకున్నాను. పైగా అదే మంచం మీకు వేశాను.

పిల్లాడి ఒంటినిండా దద్దుర్లు తేలితే, "ఇవి ఎక్కణ్ణుంచి వచ్చాయి?" అని ఆయన నిలదీశారు. "ఇంకెక్కణ్ణుంచి, అత్తయ్యగారి పరుపులోంచే!" అనేశాను. వదినగారి పురిటికి మిమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చిన అన్నయ్యగారూ విన్నారు. "నావల్ల పిల్లాడికెంత బాధొచ్చిందో" అంటూ పరుపుచుట్ట మీరే మోసుకెళ్లి చెత్తకుండీలో పడేసి వచ్చారు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

పొద్దున మీ అబ్బాయికి చెప్పేశాను. ఆయన కేకలేస్తారనుకున్నాను. "నాకు కాదు, అమ్మకు చెప్పు" అని మంచం విప్పడానికి వెళ్లారు.

నా పరువు పోతుందని మీరు ఈ ఉత్తరం మడిచి పెట్టెలో పెట్టేస్తారు, నాకు తెలుసు. అలా చేయకండి. అన్నయ్యగారి చేతికిచ్చి, అందరూ వినేలా గట్టిగా చదవమనండి. ఆయన చదువుతుండగానే మీరు పాపను ఒళ్లోకి తీసుకోండి.

ఇట్లు,
మీ ముందు తలెత్తలేని కోడలు