చేనంతటిలో ఆ ఒక్క కంది చెట్టు

హైదరాబాదు
12-12-2006

తమ్ముడు ఇమ్మానుయేలుకు, నేను బాగున్నాను; ఈ కార్డు సంతోషంతో రాస్తున్నాను.

వెర్రి తెగులు సోకి మన మనూరు చేనంతా పూత లేకుండా పోయినా, కాయలు కాసిన ఆ ఒక్క కంది చెట్టు ఆకుల్ని మా ల్యాబులో పరీక్షించాను. మొక్కల్లో ఆర్ఎన్ఏ తునకలుంటాయి. ఏ జన్యువు పనిచెయ్యాలో, ఏది ఊరుకోవాలో అదుపు చేసేది అవే, ఈ తెగులు తెచ్చే వైరస్‌నూ అణచగలవు. పరీక్ష ఫిల్ము మీద జబ్బు చెట్ల ఆకులకు వాటి గీత లీలగా వచ్చింది. నీ చెట్టుది కాటుక దిద్దినంత నల్లగా వచ్చింది. మూడుసార్లు చేసినా అంతే.

మా సారు ఫిల్మును వెలుతురుకు పట్టి, "ఈ చెట్టును కాపాడిందెవరు?" అని అడిగారు.

"మా తమ్ముడు సార్. అందరు పీకెయ్యమన్నా ఇనలే" అన్నాను.

ఆ గుణం గింజలకు వస్తుందో లేదో విత్తితేనే తెలుస్తుంది. కాయలు విడిగా కోసి గుడ్డసంచిలో కట్టు. అమ్మ పప్పులో వేసేస్తుంది, జాగ్రత్త. ఆమెను మోకాలి నొప్పికి దవాఖానకు తీసుకెళ్లావా? బర్రె ఈనిందా? వచ్చే శనివారం సారూ నేనూ నారాయణఖేడ్‌లో బస్సు దిగుతాం, నువ్వు రా.

రిజిస్టరులో ఆ చెట్టుకు ఏం పేరు పెడదామని సారు అడిగితే నీ పేరే రాయించాను. అమ్మకు దండాలు, నీకు నా దీవెనలు.

మీ అక్క
సలోమి