మీ అమ్మ పెట్టిన పరీక్ష

ఆళ్లగడ్డ,
మంగళవారం.

దీవెన వదినకు వందనాలు.

నేను చేసిన ఆన్‌లైన్ టైలరింగ్ కోర్సు మంచిదేనా, నంద్యాల నుంచి నువ్వూ చేరొచ్చా అని అడిగావు. పరీక్షలో నాకు తొంభై ఆరు మార్కులొచ్చాయి. మీ తమ్ముడు ఆ సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించి టీవీ పైన తగిలించాడు. అది చూసి మోసపోకు.

తొలి జాకెట్టు మీ అమ్మకే కుట్టాను. వీడియోలో చెప్పినట్టే ఆమెను నిటారుగా నిలబెట్టి, చేతులు కిందికి వదిలించి కొలతలు తీశాను. ఆదివారం చర్చిలో పాట మొదలవగానే అత్తమ్మ అలవాటుగా రెండు చేతులూ పైకెత్తింది. రెండు చంకల్లోనూ కుట్లు పటపటా తెగాయి. ఆరాధన అయిపోయేదాకా కొంగు కప్పుకొని కూర్చుంది.

ఇంటికొచ్చి, "మీ టీచరమ్మ చేతులు దించుకొనే పాడతాదేమో. నేను ఎత్తి పాడేదాన్ని. ఈసారి ఎత్తించి కొలత తీయి" అంది.

సిగ్గు చంపుకొని ఆ మాటే కోర్సు వాళ్లకు రాశాను. టీచరమ్మ మర్నాడే, చంక కింద చిన్న ముక్క వేసి కుట్టడం చూపిస్తూ కొత్త వీడియో పంపింది. నాకు సర్టిఫికెట్ కన్నా అదే గొప్పగా అనిపించింది. అలా కుట్టిన జాకెట్టుతో మొన్న ఆదివారం మీ అమ్మ మూడు పాటలు పాడింది. ఒక్క పోగు కదల్లేదు.

కానీ ఒక్కరి సాక్ష్యం చాలదు కదా. నీ పాత కొలతలతో, చంక కింద ముక్క వేసి ఒకటి కుట్టి ఈ సంచిలో పెట్టాను. కోర్సుకు ఎన్ని నక్షత్రాలు ఇస్తావని వాళ్లు రోజూ అడుగుతున్నారు. ఆదివారం నువ్వు పాడి ఫోన్ చేస్తే, అప్పుడు ఇస్తాను.

నిన్ను చేతులెత్తించి కొలవలేదు కాబట్టి, కొంగు మాత్రం నిండుగా కప్పుకో.

నీ మరదలు