నడుము కుట్టు

ప్రియమైన తమ్ముడికి,

ఫోన్లో మాట్లాడితే ఇద్దరం ఏడ్చి పెట్టేస్తున్నాం, అసలు విషయం మిగిలిపోతోంది. అందుకే రాస్తున్నాను.

నా కాలేయం ఇక కోలుకోదట, మార్చాల్సిందేనట. మందు చుక్క ముట్టని దాన్ని, నాకెందుకిలా అని అడిగాను. "ఏం తింటారు, ఎప్పుడు తింటారు?" అంది డాక్టరమ్మ. ఏం చెప్పను? ఇన్నేళ్ళూ బేకరీలో నిలబడి, అమ్ముడుపోని బన్నులూ కేకు ముక్కలూ పారేయడానికి మనసొప్పక అవే మధ్యాహ్నం భోజనంగా మింగాను. దాహమేస్తే కూల్‌డ్రింకు. కొట్టు కట్టేశాక పీకల దాకా తిని పడుకోవడం. ఆ తీపీ మైదా అంతా కొవ్వై కాలేయానికి పట్టిందట. ఏనాడూ నొప్పన్నది లేదు, చెప్పాపెట్టకుండా గట్టిపడిపోయింది.

నీ కాలేయంలో ముక్క నాకు సరిపోతుందన్నారు గానీ, నీకూ కొవ్వుందట. నీది ఇంకా మొదటి మెట్టే, తిండి మార్చుకుని రోజూ నడిస్తే మూడు నెలల్లో కరుగుతుందట. తీపి, వేపుళ్ళు, కూల్‌డ్రింకులు మానెయ్యి. రాత్రిళ్ళు పెందలాడే తిను. నా ప్రాణం ఇప్పుడు నీ నోటి దగ్గరుంది. ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పు, ఏమీ అనుకోను.

నీ అక్క

ప్రియమైన అక్కకి,

ఇష్టం లేకపోవడమేంటి? అమ్మ పోయాక నన్ను చంకనేసుకుని పెంచావు. ఇంకోసారి ఆ మాటంటే నీ ఉత్తరం చింపేస్తాను.

నీ మరదలు వంటింటికి తాళం వేసినంత పని చేసింది. మూడు పూటలా ఉడకబెట్టిన కూరగాయలే. ఇంకో నెలకి తోక కూడా మొలుస్తుంది నాకు. షాపుకి నడిచే వెళ్తున్నాను. నిన్న ఒకాయనకి కోటు తొడిగి చూస్తుంటే నా ప్యాంటే జారిపోయింది. దర్జీ ప్యాంటు జారితే ఇక ఎవరైనా బట్టలిస్తారా చెప్పు? నువ్వు ధైర్యంగా ఉండు.

నీ తమ్ముడు

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం మీ బావ చేత రెండుసార్లు చదివించుకున్నాను. కడుపులో నీరు చేరింది, నవ్వినా నొప్పే. అయినా నవ్వాను. మా ఆడపడుచు తన కాలేయం ఇస్తానని, పరీక్ష చేయించుకుంటానంది. మా తమ్ముడున్నాడు, ఎందుకులే అన్నాను.

కొవ్వు కరిగిందో లేదో చూసే స్కానింగుకి వచ్చినప్పుడు మా ఇంట్లోనే దిగు. ఆ జారే ప్యాంటు చూడాలి.

నీ అక్క

ప్రియమైన అక్కకి,

ఏ ముఖం పెట్టుకుని రాయను? కొవ్వు తగ్గకపోగా పెరిగిందన్నారు. ఎంత చిక్కానో నీ కళ్ళతో నువ్వే చూశావుగా. కొందరి ఒంటి తీరే అంతేమో. నుదుటి రాత బాగోకపోతే మనమేం చేస్తాం.

నిన్ను చూడలేక, చెప్పకుండానే వచ్చేశాను. ప్యాంటు ఒకటి మీ ఇంట్లో దండెం మీదే మర్చిపోయాను.

నీ తమ్ముడు

తమ్ముడూ,

ప్యాంటు ఉతికి, ఇస్త్రీ చేసి పంపుతున్నాను. ఇస్త్రీ చేస్తూ తిరగేసి చూశాను. నాన్న కుట్టుమిషను పక్కన కూర్చుని కుట్లు విప్పుతూ పెరిగిన దాన్నని మర్చిపోయావా? నడుము వెనక కుట్టు విప్పి, వదులు చేసి మళ్ళీ వేశావు. పాత కుట్టు చిల్లులు వరసగా కనిపిస్తున్నాయి. నువ్వు చిక్కలేదు, ప్యాంటు పెరిగింది.

మరదలికి ఫోన్ చేసి అడిగితే ఏడ్చింది. ఇంట్లో ఉడకబెట్టినవి తిని, షాపుకెళ్ళి తలుపేసుకుని కేకులూ వేపుళ్ళూ తినేవాడివట. కడుపు నిండినా ఆపేవాడివి కాదట. కోస్తారంటే భయమని తనకి చెప్పావు. నాకు మాత్రం చెప్పలేకపోయావు. నీ బదులు డాక్టరమ్మ వద్దనాలని చూశావు.

నువ్వు మొదటే కాదని ఉంటే ఒక పూట ఏడ్చి, మా ఆడపడుచు కాళ్ళు పట్టుకునేదాన్ని. నిన్ను నమ్ముకుని ఆమెని వద్దన్నాను. ఇప్పుడు ఆమె వస్తానన్నా, ఆపరేషన్ తట్టుకునే ఒళ్ళు నాకు లేదంటున్నారు. నువ్వు భయపడ్డందుకు నాకు కోపం లేదు. ఈ మూడు నెలలు తినేసినందుకు మాత్రం నిన్ను క్షమించను.

ఇంకోటి విను. ఇలాగే తింటే మీ తమ్ముడిదీ మీ దారే అంది డాక్టరమ్మ. ముక్క ఇవ్వడానికి భయపడి మొత్తం పాడుచేసుకుంటున్నావు. నేను తెలియక తిన్నాను రా. నువ్వు తెలిసి తిన్నావు.

ఆసుపత్రిలో నీ పేరు నేనే కొట్టేయించాను. ఇక నిన్నెవరూ ఏమీ అడగరు. నువ్వింక తినక్కర్లేదు.

అక్క