టాపు తీసిన జీపు

శనివారం, రాత్రి

ఇంకా చెవుల్లో గాలి హోరు తగ్గలేదు! మా జీపు గుడ్డ టాపు కుట్టు ఊడి వాన నీళ్లు కారుతున్నాయని ఇవాళ కామారెడ్డి షోరూంకు తీసుకెళ్లాం. వారంటీలో చేస్తారో లేదోనని దారంతా ఈయనకు ఒకటే బెంగ. మెకానిక్ చూసి, "ఎన్నడన్న టాపు తీసిండ్రా అన్నా?" అని అడిగాడు. ఎక్కడ? దుమ్ము పడుతుందని, ఖరాబవుతుందని కొన్నప్పటినుంచీ ఈయన ఎవరినీ ముట్టనివ్వలేదు. "తీయనీకే కదా ఉన్నది!" అని నవ్వి, కుట్టు తప్పు కంపెనీదేనని ఊరికే కొత్త టాపు వేసిచ్చాడు. ఎలా మడవాలో చూపించి, టాపు తీసే ఇంటికి పొమ్మన్నాడు.

తాడ్వాయి దాటేదాకా వెనక సీట్లో అత్తమ్మ కొంగు నెత్తిమీద గట్టిగా పట్టుకునే ఉంది. తర్వాత వదిలేసింది! నేను జడ విప్పేశాను. ఈయన మాత్రం ఎల్లారెడ్డిలో ఇల్లు చేరగానే టాపు మూసేసి, గుండీలన్నీ రెండుసార్లు చూసుకున్నారు. ఇక మళ్లీ తీయనిస్తారా...

ఇందాక అత్తమ్మ నా పక్కన కూర్చుని మెల్లగా అడిగింది.

"పిల్లా, గా వారంటీ ఇంక ఉన్నదా?"

"ఉన్నది అత్తమ్మా."

"మరి ఖరాబైతదని భయమెందుకు? రేపు దోమకొండకు టాపు తీసే పోదాం. వానికి నేను చెప్త."