చీరల కొట్టు అద్దంలో పిచ్చుక

ఏవండీ,

మీరు కన్నుమూశాక ఇలాంటి వింతలు చెప్పుకోవడానికి ఎవరూ లేక రాస్తున్నాను. మన పిఠాపురం కొట్లో దూలం మీద పిచ్చుక గూడు కట్టి పిల్లల్ని చేసింది. మగపిచ్చుక నిలువుటద్దంలో తనను తానే చూసి, ఇంకో పిట్ట అనుకుని ముక్కు నెత్తురోడేలా పొడుస్తోంది. తరిమినా మళ్ళీ వస్తోంది. ఇవాళ అద్దానికి దుప్పటి కప్పాను. అది కాసేపు వెతికి గూటికి పోయింది. గెలిచాననుకుందో, అవతలిదానికి జాలేసి వెళ్ళిపోయిందనుకుందో! మీరైతే ఏమనేవారు?

ఇంతలో ఒకావిడ చీర భుజాన వేసుకుని, "అద్దం లేదేంటండీ? పోనీ మీరే చెప్పండి, నాకు నప్పిందా?" అంది.

ఇన్నాళ్ళూ బేరాలు మీ తమ్ముడికి వదిలేసి మూల కూర్చున్నదాన్ని, నోరు విప్పాను.

"ఇది వద్దండీ. ఆ చిలకపచ్చది మీకు బాగుంటుంది."

ఆవిడ అదే కొనుక్కుంది. పిల్లలు ఎగిరేదాకా దుప్పటి తియ్యను. ఆ తర్వాతైనా తొందరేం లేదనిపిస్తోంది.